మిరపకాయల జీపు వెనకద్దం

నాగరాజన్ తన పెళ్లాన్ని సాత్తూరు టీకొట్టు దగ్గర మరచిపోయి ఇంటికొచ్చేశాడు. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. జీపు వాకిట్లో ఆపి, కాళ్లు కడుక్కుని, లోపలికెళ్లి నీళ్లు తెమ్మని రెండుసార్లు కేకేశాక గానీ, పొద్దున తనతోబాటు విరుదునగర్ మండీకి వచ్చిన మనిషి ఇంట్లో లేదన్న సంగతి ఆయనకు తట్టలేదు. తాళంచెవి పట్టుకుని బయటికి పరిగెత్తేసరికి పట్టమ్మాళ్ బస్సు దిగి, చేతిసంచి ఊపుకుంటూ వీధి మలుపులో నడిచొస్తోంది. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. నాలుగు తిట్టినా ఆయన ప్రాణం కుదుటపడేది.

ఊరు మాత్రం ఊరుకుంటుందా. అదృష్టవంతుడివయ్యా, మేము ఎంత ప్రయత్నించినా మరవలేకపోతున్నామని మగాళ్లు ఆటపట్టించారు. నాగరాజన్ కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. నవ్వకపోతే అనుమానం వస్తుందని నవ్వాడు. అరవై ఆరేళ్ల ఆ మనిషికి అప్పటికి మూడు నెలలుగా రాత్రిళ్లు సరిగ్గా నిద్ర లేదు.

దానికి కారణం ఆయన తండ్రి. ఆ పెద్దాయన ఒకనాడు కోవిల్‌పట్టి సంతలో ఎడ్లబండిని వదిలేసి, ఎనిమిది మైళ్లు నడిచి ఇంటికొచ్చాడు. అప్పుడూ ఊరు ఇలాగే నవ్వింది. ఆ తర్వాత ఆరేళ్లకు, కట్టుకున్న పెళ్లాం అన్నం పెడుతుంటే, నువ్వు ఎవరింటి పిల్లవమ్మా అని ఎంతో మర్యాదగా అడిగేవాడు. నాగరాజన్ తల్లి కంచం అక్కడ పెట్టి దొడ్లోకి వెళ్లిపోయేది. అప్పటికి ముప్పై ఏళ్ల నాగరాజన్ ఆ వెళ్లడం చూశాడు. ఇప్పుడు పట్టమ్మాళ్ అలా కంచం పెట్టి దొడ్లోకి వెళ్తున్నట్టు కళ్లు మూసినా తెరిచినా కనిపిస్తోంది. చావంటే ఆయనకు అంత భయం లేదు, ఇదంటేనే భయం.

టీకొట్టు సంగతి ఒక్కటే అయితే సర్దుకునేవాడేమో. శివరాత్రి వచ్చే మాసి నెల నుంచీ ఇలాంటివి వరసగా జరుగుతున్నాయి. మండీలో తూకం వేసేవాడు ఎన్ని మూటలు తెచ్చావని అడిగితే, పదకొండు తెచ్చి తొమ్మిదన్నాడు. ఏ ఊరని అడిగితే నోరు తెరిచి నిలబడిపోయాడు. పుట్టి పెరిగిన ఊరి పేరు నాలుక చివరకు రావడానికి మూడు గుక్కల నీళ్లు తాగాల్సి వచ్చింది. ఇంట్లో కళ్లద్దాలు ఎక్కడో పెట్టి వెతుక్కున్నా సరే, అదిగో మొదలైంది అనుకునేవాడు. కళ్లద్దాలు వెతుక్కోనివాడు లోకంలో ఎవడున్నాడు, కానీ భయపడ్డవాడికి ఆ లెక్క పట్టదు.

ఇక్కడ ఆ జీపు గురించి చెప్పాలి. అరవదేశంలో కోవిల్‌పట్టికి తూర్పున, తెలుగువాళ్లుండే ఆ ఊరిది నల్లరేగడి నేల. వాన పడిందంటే మామూలు కారు చక్రం అడుగు కదలదు, ట్రాక్టరే బిక్కమొహం వేస్తుంది. అందుకని మిలిటరీవాళ్లు వేలం వేసిన పాత పెట్రోలు జీపొకటి నాగరాజన్ కొన్నాడు. ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే బండి. పైన గుడ్డ తీయించి రేకు టాపు కట్టించాడు. వెనక పైకి ఎత్తి పెట్టే అద్దం వేయించాడు. చేలో కోసిన మిరపకాయల్ని కల్లంలో ఎండబెట్టి, మూటలు కట్టి, వారానికోసారి ఆ జీపులోనే విరుదునగర్ తీసుకెళ్లి అమ్మేవాడు. మొగుడూపెళ్లాలు ముందు సీట్లలో, మూటలు వెనక.

ఎండు మిరపకాయలతో ఒకే బండిలో గంటన్నర ప్రయాణం చేయడానికి ఒక పద్ధతుంది. అది అక్కడి మిరపరైతులందరికీ తెలుసు. ముందు అద్దాలు దించకూడదు. దించితే గాలి లోపల సుడి తిరిగి, మిరప దుమ్ము లేచి కళ్లలో పడుతుంది, ఇక బండి నడిపినట్టే. అందుకని ముందువి బిగించి, వెనకద్దం ఒక్కటే బార్లా ఎత్తి పెట్టాలి. ఘాటు తన దారిన తాను వెనక నుంచి పోతుంది. మూటలు దించాక కూడా ఘాటు వదలదు కనుక తిరుగు దారిలోనూ అంతే. ఇది నాగరాజన్‌కు వాళ్ల మామ నేర్పిన విద్య, ఆయన పదిమందికి నేర్పిన విద్య. దారిలో తల నొప్పి పుడితే మిరప ఘాటు, కడుపులో తిప్పితే మిరప ఘాటు, కళ్లు మూతలు పడితే అదీ మిరప ఘాటే. మిరప పండించేవాళ్లకు బండిలో ఇంకో జబ్బు వస్తుందన్న ఊహే ఉండదు.

టీకొట్టు సంగతి జరిగిన సాయంత్రం పట్టమ్మాళ్ ఆయన్ని తూర్పు ముఖంగా కూర్చోబెట్టి దిష్టి తీసింది. ఉప్పూ ఏడు ఎండు మిరపకాయలూ చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. దిష్టి లేకపోతే మిరపకాయలు మాడి ఇల్లంతా దగ్గాలి. ఉంటే ఘాటు రాదు. ఆ రోజు ఎవరికీ చిన్న దగ్గు కూడా రాలేదు. చూశావా, ఎంత దిష్టి ఉందో అని ఆవిడ ముక్కున వేలేసుకుంది. మూడు నెలలుగా మిరప దుమ్ములోనే తింటూ పడుకుంటూ ఉన్న ముక్కులవి. వాటికి పొయ్యిలో ఏడు కాయలు ఒక లెక్కా.

కొడుకు రామ్‌కుమార్ దిష్టిని నమ్మే రకం కాదు. కోవిల్‌పట్టిలో మోటారు పంపుల కొట్టు నడుపుతాడు, మాట కాస్త దురుసు, ప్రేమ మాత్రం గట్టిది. తాత కథ వాడికీ తెలుసు. టీకొట్టు మాట చెవిన పడగానే వచ్చి, మేకుకు తగిలించిన తాళంచెవి తీసి తన జేబులో వేసుకున్నాడు. విరుదునగర్‌లో తలకు సంబంధించిన జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గర శుక్రవారానికి చీటీ రాయించానన్నాడు.

"ఇంక నువ్వు బండి ఎత్తొద్దు నైనా. ఎవురినైనా కొట్టేస్తే ఏం సేస్తాం?"

కొడుకు చెప్పింది న్యాయమే, అందుకే నాగరాజన్‌కు కడుపు మండింది.

శుక్రవారం వచ్చింది. ఎటూ విరుదునగర్ పోతున్నాం, కల్లంలో పదకొండు మూటలు కూర్చున్నాయి, వాటిని కూడా వేసుకుని పోదాం అంది పట్టమ్మాళ్. రైతు ఇంట్లో రోగినైనా ఖాళీ బండిలో తీసుకెళ్లరు. రామ్‌కుమార్ స్టీరింగు పట్టుకున్నాడు, నాగరాజన్ పక్కన కూర్చున్నాడు, పట్టమ్మాళ్ వెనక మూటల మధ్య కాస్త చోటు చేసుకుంది. పద్ధతి ప్రకారం ముందు అద్దాలు బిగించి, వెనకద్దం ఎత్తి పెట్టారు.

తన బండిలో తానే పక్క సీట్లో కూర్చోవడం ఎలాంటిదో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. కొడుకు గేరు మార్చినప్పుడల్లా ఆయన పళ్లు నూరాడు. నాలుగు వరసల రోడ్డు ఎక్కాక ఇక ఉండబట్టలేక, తన వైపు అద్దం జానెడు దించి, ఆ సందులో ముఖం పెట్టుకున్నాడు. దుమ్ము లేస్తోంది, ఎక్కించు నైనా అని కొడుకు మొత్తుకున్నాడు. ఆయన వినలేదు. మిరప దుమ్ము కళ్లలో పడింది, నీళ్లు కారాయి. కారితే కారనీ, కనీసం ఎందుకు ఏడుస్తున్నావని ఎవరూ అడగరు అనుకున్నాడు. అలక తెలిసేలా దారి పొడుగునా ముఖం బయటికే పెట్టి కూర్చున్నాడు.

సాత్తూరు దాటింది. వైప్పారు వంతెన మీంచి ఏటి ఇసుక చూశాడు. టీకొట్టు కనబడితే ముఖం తిప్పుకున్నాడు. టోల్‌గేటు దాటాక రామ్‌కుమార్ మాటలు తగ్గించాడు. నుదురు రుద్దుకున్నాడు, రెండుసార్లు ఆవలించాడు. ఇంకాసేపటికి నిదానంగా అడిగాడు.

"నైనా, సాత్తూరు ఇంకా రాలేదే?"

కొడుకు మీద నాగరాజన్‌కు రవ్వంత అనుమానం కూడా రాలేదు, వచ్చిన అనుమానమంతా తన మీదే. సాత్తూరు దాటామా? వంతెన చూశాననుకున్నానే, అది ఇవాళా, పోయిన వారమా? ఇక అయిపోయింది, కళ్లెదుటి ఊరు కూడా నిలవడం లేదు అనుకున్నాడు. అంతలో రోడ్డు పక్కన పచ్చబోర్డు వచ్చింది. విరుదునగర్ ఆరు కిలోమీటర్లు. కళ్లు తుడుచుకుని మళ్లీ చదివాడు. సాత్తూరు దాటి చాలాసేపయింది. తన తల సరిగానే ఉందని నమ్మడానికి ఆ మనిషికి బోర్డు సాక్ష్యం కావాల్సి వచ్చింది.

ఊళ్లోకి తిరిగే దారి వచ్చింది. రామ్‌కుమార్ తిరగలేదు, మదురై వైపు నేరుగా పోనిచ్చాడు. విరుదునగర్ దాటిపోతోందిరా అంటే, విరుదునగర్‌లో మనకేం పని అన్నాడు. గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అడిగాడు. నాగరాజన్ వెనక్కి తిరిగి పెళ్లాన్ని పిలిచాడు. మూటకు తల ఆనించి పడుకున్న పట్టమ్మాళ్ పలకలేదు. ఇంకోసారి పిలిచాడు. పలకలేదు.

ఆ తర్వాత ఆయన చేసిన పనికి ముసలితనం అడ్డు రాలేదు. కొడుకు చేతి మీద చెయ్యి వేసి స్టీరింగును ఎడమకు తిప్పాడు, కాలు తీయరా అని అరిచి, హ్యాండుబ్రేకు మెల్లమెల్లగా లాగి, బండిని మట్టిలో ఆపాడు. దిగి వెనక తలుపు తీసి, మూటలు రెండు కింద పడేసి, పెళ్లాన్ని రెండు చేతులతో బయటికి లాక్కొచ్చాడు. తుమ్మచెట్టు నీడలో కూర్చోబెట్టి ముఖాన నీళ్లు కొట్టాడు. ఆవిడ కళ్లు తెరిచి, చీర కొంగు సర్దుకుని, పక్కకు తిరిగి వాంతి చేసుకుంది. రామ్‌కుమార్ తనే దిగొచ్చి, తల రెండు చేతులా పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

కాసేపు గాలి తగిలేసరికి ఇద్దరికీ మాట వచ్చింది. ఎక్కడున్నాం అని కొడుకు అడిగాడు. అప్పుడు నాగరాజన్‌కు ఒక ఆలోచన వచ్చింది. ముగ్గురం ఒకే బండిలో వచ్చాం. లోపల ముఖం పెట్టుకున్న ఇద్దరూ ఇలా ఉన్నారు, బయటికి ముఖం పెట్టిన నేను బాగున్నాను. ముప్పై నాలుగేళ్ల దిట్టమైన కొడుకుకు సాత్తూరు కనబడకుండా పోయిందంటే, ఇది మా నాన్న జబ్బు కాదు. ఇది నాది కాదు. ఒక్కసారిగా ఆయనకు పట్టరాని సంతోషం కలిగింది. పెళ్లాం వాంతి చేసుకుంటుంటే, కొడుకు నేల మీద పడుంటే, నడిరోడ్డు పక్కన తనకు సంతోషం కలగడం చూసి సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా అది తగ్గలేదు.

రోడ్డుకు అవతల సుడలైమాడన్ అనే ఆయన పంక్చర్లు వేస్తూ, బండ్లు కూడా బాగుచేస్తాడు. గోల చూసి వచ్చాడు. విషయం విని, బండి కిందికి దూరి, బయటికొచ్చి, ఈ సైలెన్సరు పైపుకు తీగ ఎవరు కట్టారని అరవంలో అడిగాడు. నేనే అన్నాడు నాగరాజన్. మాసి నెలలో గట్టు ఎక్కిస్తుంటే పైపు తోక విరిగింది, మిగిలిన ముక్కను తానే తీగతో పైకి కట్టాడు. అప్పటి నుంచీ పొగ బయటికి పోకుండా సరిగ్గా వెనక తలుపు కిందే వదులుతోంది.

పొగ వదిలితే వెనక్కే పోతుంది కదా, వెనకద్దం నుంచి గాలి బయటికే కదా పోతుంది అని నాగరాజన్ వాదించాడు. నలభై ఏళ్ల విద్య అంత తేలిగ్గా ఎలా వదులుతుంది. సుడలైమాడన్ వాదించలేదు. పాత గుడ్డపేలిక ఒకటి చింపి, ఎత్తి పెట్టిన వెనకద్దం అంచుకు కట్టాడు. ముందు అద్దాలు ఎక్కించి, నాగరాజన్‌ను లోపల వెనక్కి తిరిగి కూర్చోమని, బండిని కొద్ది దూరం తోలాడు.

పేలిక బయటికి ఎగరలేదు. లోపలికి ఎగిరింది. వేగం పెరిగే కొద్దీ ఇంకా లోపలికి, నాగరాజన్ ముఖం వైపు రెపరెపలాడింది. పరుగెత్తే బండి వెనక గాలి ఖాళీ అవుతుంది, అక్కడ తిరిగే పొగను తెరిచిన అద్దం లోపలికి లాక్కుంటుంది, ముందు అద్దాలు బిగిస్తే అది పోయే దారి ఉండదు అని సుడలైమాడన్ విడమరచి చెప్పాడు. పెట్రోలు పొగలో రంగూ ఘాటూ లేని విషం ఒకటుంటుంది, అది తల మీదే దెబ్బ కొడుతుంది, ఇంకో గంట అయితే మీవాళ్లు లేచేవాళ్లు కాదు అని కూడా చెప్పాడు. నాగరాజన్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు, వదలడానికి చాలాసేపు పట్టింది.

అక్కడి నుంచి ఆసుపత్రి దాకా బండిని నాగరాజనే నడిపాడు. వెనకద్దం మూసేశారు, ముందు రెండూ పూర్తిగా దించేశారు. మిరప దుమ్ము లేచి ముగ్గురికీ కళ్లూ ముక్కూ కారాయి. రామ్‌కుమార్ తుమ్ముతూనే ఉన్నాడు గానీ అద్దం ఎక్కించమని ఈసారి అనలేదు. ఆసుపత్రి వాకిట్లో బండి ఆపాక అక్కడి కాపలాదారు కూడా తుమ్మడం మొదలెట్టాడు.

డాక్టరమ్మ కథంతా విని ముందు ముగ్గురి రక్తం తీయించింది. మూడు మంచాల మీద పడుకోబెట్టి ప్రాణవాయువు పెట్టించింది. తర్వాత నాగరాజన్‌ను ఒక్కొక్కటే అడిగింది. ఈ మరపు ఏ రోజుల్లో వస్తుంది? ఆలోచిస్తే మండీకి వెళ్లిన రోజుల్లోనే. ఇంటిదగ్గరున్న రోజుల్లో? కళ్లద్దాలు తప్ప ఏదీ మరవలేదు. ఆవిడ తల ఊపి, పట్టమ్మాళ్ వైపు తిరిగి, మీకెప్పుడూ ఇలా కాలేదా అని అడిగింది.

డాక్టరమ్మకు అరవంలో చెప్పాల్సినదాన్ని పట్టమ్మాళ్ మొగుడి వైపు తిరిగి ఇంటి తెలుగులో చెప్పింది.

"ఆ పొద్దు టీ అంగడికాడ నువ్వు నన్ను ఇడిసిపెట్టి పోయినావని అందురూ అంటిరి గదా. నేను గూడా నిన్ను మరిసిపోయినా. బస్సు నిలబడింది, ఎక్కి కూచున్నా. నీతో జీపులో వచ్చినానని మన వీది మలుపులో నిన్ను సూస్తేనే గ్యాపకం వచ్చింది."

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని కొడుకు అడిగాడు. నాకూ ఆ జబ్బే అయితే మీ నైనను ఎవరు చూసుకుంటారు, అందుకే లేనట్టే ఉన్నాను అంది. తల పగిలిపోతున్నా మూడు నెలలు ఎవరికీ చెప్పకుండా దిష్టి తీస్తూ కూర్చున్న మనిషి అది. నాగరాజన్‌కు కోపం వచ్చింది, నవ్వొచ్చింది, రెండూ కలిసి దగ్గయింది.

డాక్టరమ్మ అంతటితో వదిలిపెట్టలేదు. తండ్రి సంగతి చెప్పాడు కాబట్టి తలను విడిగా పరీక్ష చేసింది. ఐదు మాటలు చెప్పి, మధ్యలో వందలోంచి ఏడేడు తీసేయించి, మళ్లీ ఆ ఐదూ అడిగింది. ఐదూ చెప్పాడు. గడియారం బొమ్మ గీయమంటే గీసి, ముళ్లు కూడా సరిగ్గా పెట్టాడు. రక్తం ఫలితం కూడా వచ్చింది. పొగ విషమే, ఇది మీ నాన్నగారి జబ్బు కాదు, బండి పైపు బాగుచేయించండి, నెల తర్వాత ఒకసారి కనబడండి అని చెప్పి ఆవిడ వెళ్లిపోయింది. మూడు నెలలుగా గుండె మీద ఎక్కి కూర్చున్న బరువు దిగిపోతే మనిషికి ముందు ఆకలి వేస్తుందని నాగరాజన్‌కు ఆ పూట తెలిసింది.

రామ్‌కుమార్ మాస్కు తీసేసి ఇడ్లీలు తెస్తానని లేచాడు. పోతూ పోతూ జేబులోంచి తాళంచెవి తీసి తండ్రి దిండు పక్కన పెట్టాడు. గదిలో మొగుడూపెళ్లాలు ఇద్దరే మిగిలారు.

నాగరాజన్ ముఖం మీది మాస్కు కిందికి లాగాడు. ఇవాళ ఆ జబ్బు లేదని డాక్టరమ్మ చెప్పింది. ఎప్పటికీ రాదని చెప్పలేదు. అడగాల్సిన మాట ఇంకొకటి మిగిలి ఉంది, అడగకపోతే ఈ సంతోషం కూడా సగమే అనిపించింది.

"నైనకు వచ్చినట్టు ఎప్పుడైనా నాకు వస్తే? నువ్వు ఎవురని నిన్నే అడిగితే?"

పట్టమ్మాళ్ కూడా మాస్కు తీసింది.

"అడిగితే సెప్తా. నీ పెండ్లాన్నని పొద్దున ఒక తూరి సెప్తా, మద్యానం ఒక తూరి సెప్తా. నాకు వేరే పని ఏముంది? మీ అమ్మ మాదిరి లేచి దొడ్లోకి పోను. నువ్వు తినిందాకా ఆడనే కూచుంటా."

తన తల్లి అలా దొడ్లోకి వెళ్లేదన్న సంగతి ఆయన ఏనాడూ పెళ్లానికి చెప్పలేదు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆవిడా చూసిందన్న మాట ఇన్నేళ్లకు అర్థమైంది. నర్సు లోపలికొచ్చి, మాస్కులు ఎందుకు తీశారని ఇద్దర్నీ కోప్పడింది. నాగరాజన్ బుద్ధిగా పెట్టుకున్నాడు. చెంపల మీది కన్నీళ్లు తుడుచుకోవడానికి మాత్రం ఆ మాస్కును రెండుసార్లు పక్కకు జరపాల్సి వచ్చింది. మిరప దుమ్మా అని నర్సు అడిగితే, కాదన్నాడు.